పచ్చకామెర్ల సాసేజ్‌లు

ఆ రోజుల్లో ప్రపంచమంతా రెండంకెల గురించి భయపడుతుండేది. సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే గుర్తుపెట్టుకునే కంప్యూటర్లు, రెండువేల సంవత్సరం రాగానే దాన్ని పందొమ్మిది వందల సంవత్సరం అనుకుని తికమక పడతాయనీ, బ్యాంకులూ విమానాలూ కరెంటూ అన్నీ ఆగిపోతాయనీ పేపర్లలో రోజూ రాసేవారు. ఆ రెండంకెలను సరిచేసే పని మీదే మా ఆయన చీరాల నుంచి హైదరాబాదుకు, హైదరాబాదు నుంచి మెల్‌బోర్న్‌కు వచ్చిపడ్డారు. ఆయన వెనకాల నేను, నా చంకలో తొమ్మిది నెలల పాప. అయితే నా భయం రెండంకెలది కాదు, మూడంకెలది. మేం ఆ ఊరి శివారు డాండెనాంగ్‌లో అద్దె ఫ్లాట్‌లో దిగిన మొదటి వారంలోనే పై ఫ్లాట్‌లో ఉండే హైదరాబాద్ ఆంటీ నన్ను కూర్చోబెట్టి, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం చేతిలో పెట్టింది. "చూడమ్మా, ఈ దేశంల బ్రెడ్ని కూడ నమ్మొద్దు. నంబర్ చూడకుండ ఏదీ నోట్ల పెట్టకు. ప్యాకెట్ ఎన్క చిన్న చిన్న నంబర్లుంటయ్, ఆడ్నే ఉంటది అసలు సంగతి" అంది. తినే వస్తువుల్లో కలిపే పదార్థాలకు ఇక్కడ మూడంకెల నంబర్లుంటాయి. వాటిలో ఏది దేని నుంచి తీస్తారో, హలాల్ పాటించే మాలాంటి వాళ్ళు ఏవి తినవచ్చో, ఏవి తినకూడదో ఆ కాగితంలో ఉంది.

ఆ కాగితం ఎన్నో చేతులు మారిన జిరాక్సుకు జిరాక్సు. అందులో మూడూ ఎనిమిదీ ఒకేలా కనిపించేవి. (అనుమానం వచ్చిన చోట రెండింటినీ వదిలేసేదాన్ని. ఆ లెక్కన మేము ఒక సంవత్సరం పాటు ఐస్‌క్రీమ్ తినలేదు.) సూపర్ మార్కెట్లో నేను ఒక బిస్కెట్ ప్యాకెట్ కొనేలోపు మా ఆయన సరుకులన్నీ కొని, బిల్లు కట్టి, పాపను ఆడించి, మళ్ళీ నా దగ్గరకు వచ్చేవారు. "నీ బీఎస్సీ కెమిస్ట్రీకి ఇన్నాళ్ళకు ఉద్యోగం దొరికిందే" అనేవారు. నవ్వేదాన్ని కాదు. మా ఇంట్లో నమాజు అరబ్బీలో, తగవులు తెలుగులో జరిగేవి. ఆ ఏడాది తగవులన్నీ ఆ ప్యాకెట్ల మీదే. పాపకు తినిపించే ప్రతి ముద్దా నా పూచీ అనుకునేదాన్ని. పక్కింటావిడ పాపకు బిస్కెట్ ఇస్తే అది నా గుప్పిట్లోకి, అక్కడి నుంచి చెత్తబుట్టలోకి పోయేది. నవ్వుతూ థాంక్స్ మాత్రం చెప్పేదాన్ని.

చివరకు జనవరి ఒకటి వచ్చింది. ఏ విమానమూ పడలేదు, ఏ కరెంటూ పోలేదు. ప్రపంచం బతికింది, మా ఆయన ఉద్యోగం ప్రాణం మీదికొచ్చింది. ముంచుకొస్తుందన్న ప్రమాదం తప్పిపోయాక, దాన్ని ఆపడానికి తెచ్చుకున్న మనుషులతో ఎవరికి పని? ఆయన టీములో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళు ఎనిమిది మంది. వాళ్ళలో ముగ్గుర్ని మాత్రమే ఉంచుకుంటారట, మిగిలిన ఐదుగురూ జనవరి ఆఖరుకు పెట్టెలు సర్దుకోవాల్సిందే. ఆ ముగ్గురు ఎవరో తేల్చేది వాళ్ళ పెద్ద సారు. చిన్నప్పుడే జర్మనీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, ఆరడుగుల పైమాట, మాట తక్కువ. రంజాన్ పండుగ వెళ్ళి రెండు వారాలైంది. అప్పుడు ఒక సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ మెల్లగా మొదలుపెట్టారు.

"శనివారం సారు వాళ్ళింట్లో బార్బెక్యూ అంట. అందర్నీ ఫ్యామిలీలతో రమ్మన్నాడు."

"ఎందుకంట?"

"ఎందుకేంది? ఇక్కడ జనవరంటే సమ్మర్ గదా. ఏటా పిలుస్తాడంట. వాళ్ళమ్మా ఆయనా కలిసి సొంతంగా సాసేజ్‌లు చేస్తారంట, జర్మన్ పద్ధతిలో."

"ఏ మాంసంతో?"

ఆయనకు ఒక బూటు విప్పడానికి చాలాసేపు పట్టింది. "మనం తినమని చెప్పాన్లే. హలాల్ అంటే ఏందో కూడా చెప్పా. దానికాయన, అయితే మీ మాంసం మీరే తెచ్చుకోండి, మీ మిసెస్ పొద్దున్నే వస్తే మా అమ్మతో కలిసి చేసుకోవచ్చు, అన్నాడు."

నేను పాపను కింద దించి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఎనిమిది మందిలో ముగ్గుర్ని ఏరేవాడు మనల్ని ఊరికే మాంసం తెచ్చుకోమంటాడా? ఇది పరీక్షండీ. వీళ్ళు మనతో కలుస్తారా, విడిగా కూర్చుంటారా అని చూస్తాడు."

"నీకన్నీ పరీక్షలే. తల్లీ, నీకు దండం పెడతా, వాళ్ళింటికొచ్చి ఎంక్వయిరీలు చెయ్యమాక. ఆ నంబర్ల కాగితం ఇంట్లో పెట్టి రా."

కాగితం ఇంట్లోనే పెట్టాను. (దాని జిరాక్సు పాప సంచిలో, డైపర్ల కింద పెట్టాను.)

శుక్రవారం హలాల్ మాంసం అమ్మే టర్కీ ఆయన కొట్టుకు వెళ్ళి, కొవ్వుతో కలిపి కొట్టించిన గొర్రె కైమా తీసుకుని, సాసేజ్‌లకని చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చి గల్లా మీద పెట్టాడు. "మరి తొడుగు వద్దా? అందరూ వాడే తొడుగు ఏ జంతువుదో మీకు తెలుసా?" అన్నాడు. కవరు విప్పి చూస్తే గొర్రె పేగులు! నాకు ప్రాణం లేచొచ్చింది. పేగుల్లో కైమా కూరే ఈ సాసేజ్ అంటే ఏదో విదేశీ విద్య అనుకుని భయపడుతుంటే, ఇది మన బోటే కదా! బక్రీద్ మర్నాడు మా నాయనమ్మ పక్కన పీట వేసుకుని, కొత్త చీపురు పుల్లతో పేగును లోపలి వైపు బయటికి తిరగేసి కడగడం నేను ఎనిమిదో క్లాసులోనే నేర్చుకున్నాను. బీఎస్సీ తర్వాత నాకున్న రెండో డిగ్రీ అదే.

శనివారం పొద్దున్నే క్రాన్‌బర్న్‌లో ఉన్న వాళ్ళింటికి చేరాం. అప్పటికే ఎండ చిటపటలాడుతోంది. సారు వంటింట్లోకి తీసుకెళ్ళి వాళ్ళమ్మను పరిచయం చేశారు. ఎనభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది. నీలంరంగు ఏప్రన్, దాని ముందు కంగారూ సంచంత జేబు. అందరూ ఆవిడను ఓమా అంటారట, అంటే నాయనమ్మ అని. ఆవిడ ఇంగ్లీషు నా జర్మన్ కంటే నాలుగు మాటలు ఎక్కువ, అంతే. సారు మా ఇద్దరినీ ఒకరికొకరిని అప్పగించి, మా ఆయనను వెంటబెట్టుకుని పెరట్లో బల్లలు వేయడానికి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ మా ఆయన కళ్ళతోనే "చెయ్యమాక" అన్నారు.

ఓమా నా కైమా డబ్బా మూత తీసి వాసన చూసింది. నేను ఆవిడ గిన్నెలు వాసన చూశాను. ఆవిడ నా పేగుల కవరును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. నేను ఆవిడ సాసేజ్ మిషన్ గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూశాను. (ఏటా దీంతో ఏ మాంసం కూరేవారో నాకు తెలుసు.) మిషన్ వైపు చూపించి, చేతులు రుద్దుతూ కడగాలన్నట్టు సైగ చేశాను. ఆవిడ సలసల కాగిన నీళ్ళతో కడిగింది. నేను మళ్ళీ కడిగాను. ఆవిడ నా చేతిలోంచి లాక్కుని మూడోసారి కడిగి, తుడిచి, తెల్లటి గుడ్డ మీద పెట్టి, ఇంకేమైనా ఉందా అన్నట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. మా అత్తగారింట్లో కొత్తకోడలిగా మొదటి రోజు కూడా నేను ఇంత పరీక్షకు గురి కాలేదు.

పేగుల దగ్గర మాత్రం కథ మారింది. చీపురు పుల్ల కోసం నేను చుట్టూ వెతుకుతుంటే ఆవిడ సొరుగులోంచి సన్నగా, నున్నగా అరిగిపోయిన ఒక చెక్కపుల్ల తీసి నా ముందు పెట్టి, చేతులు కట్టుకుంది. ఈ పిల్లకు ఏం చేతనవుతుందో చూద్దామన్నట్టు. నేను పేగు కొస మడిచి, పుల్ల ఆనించి, కుళాయి నీళ్ళు వదిలి ఒక్క ఊపులో తిరగేశాను. ఓమా చేతులు విడిపోయాయి. రెండోది తను తిరగేసింది. మూడోది నేను. పది నిమిషాల్లో ఇద్దరం ఒక పళ్ళెం మీదికి వంగి, చాకు వెనక అంచుతో జిగురు గీకుతూ, ఒకే ఊళ్ళో పుట్టిపెరిగినట్టు పనిచేస్తున్నాం. "గుట్" అందావిడ. బాగుందనట. ఆ ఒక్క మాటకు నా వీపు నిటారుగా అయింది.

ఆ సంతోషంలోనే పొరపాటు చేశాను. బోటి కడిగాక నీచువాసన పోవడానికి చేయి తనంతట తనే ఏం చేస్తుంది? సంచిలోంచి నా స్టీలు డబ్బా తీసి, సగం పేగులకు పసుపూ ఉప్పూ పట్టించి రుద్దేశాను. తెల్లగా గాజుకాగితంలా ఉన్న పేగులు నిమిషంలో బంతిపూల దండలయ్యాయి. ఓమా గట్టిగా ఏదో అంది. ఆ భాష రాకపోయినా నాకు అర్థమయింది. ఆ డబ్బా అందుకుని, చిటికెడు వేళ్ళ మధ్య నలిపి, తన వేళ్ళు పచ్చబడటం చూసి నా వైపు ఒక చూపు చూసింది. సూపర్ మార్కెట్లో ప్యాకెట్ వెనక చదివేటప్పుడు నేను చూసే చూపు అది. అది నా మీద పడటం అదే మొదటిసారి.

పాప ఏడిస్తే పక్క గదిలో పాలిచ్చి వచ్చేసరికి కైమాలో ఉప్పూ, జాజికాయా, తెల్ల మిరియాలూ, ఏదో ఎండు ఆకూ కలిపి ఉన్నాయి. (ఎండు ఆకు సీసా వెనక కూడా చదివాను. నంబరు లేదు.) నా పసుపు డబ్బా మాత్రం కనబడలేదు. బల్ల కింద చూశాను, సొరుగులు చూశాను. "ఎల్లో బాక్స్?" అన్నాను. ఓమా కిటికీలోంచి ఆకాశం చూస్తోంది. సరే, ఈ ముసలావిడ నా డబ్బా నొక్కేసిందని నిర్ధారించుకున్నాను. అలాంటి మనిషి ఇంకేం చేయదు?

ఆవిడ మిషన్ పిడి తిప్పుతుంటే నేను నిండిన పేగును మెలిపెడుతూ జానెడు జానెడు సాసేజ్‌లు చేశాను. అవి అయ్యాక ఆవిడ ఉల్లిపాయ ముక్కలు వేసిన నీళ్ళ గిన్నె పొయ్యి మీద పెట్టింది. జర్మన్ సాసేజ్‌లను నిప్పుల మీద కాల్చేముందు సన్నసెగ మీద ఉడకబెడతారట. నీళ్ళతో కాదు, బీరుతో అని మా ఆయన ఆఫీసులో ఎవరో చెబితే విని వచ్చి నాకు చెప్పి ఉన్నారు. అందుకని నా కళ్ళు ఆవిడ చేతుల మీదే ఉన్నాయి. అనుకున్నంతా అయింది. ఓమా కింది అలమరలోంచి గోధుమరంగు సీసా ఒకటి తీసి, గిన్నె పక్కన పెట్టి, గరిటె కోసం అటు తిరిగింది. మెడ సన్నగా, పొట్ట లావుగా, తీగతో బిగించిన మూత. అలాంటి సీసాలో ఏముంటుందో నాకు చెప్పాలా? మూత తీసి వాసన చూడాలని కూడా తోచలేదు. ఆవిడ ఇటు తిరిగేలోపు సీసా పాప సంచిలో, డైపర్ల కింద, నంబర్ల కాగితం పక్కన పడుకుంది.

ఓమా సీసా కోసం వెతికిన వెతుకులాట నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అలమర తెరిచింది, మూసింది, పొయ్యి వెనక చూసింది. చేత్తో సీసా ఆకారం గాలిలో గీసి నా వైపు చూసింది. నేను పాప ముక్కు తుడిచాను. చివరకు ఏదో గొణుక్కుంటూ ఉత్త నీళ్ళలోనే సాసేజ్‌లు వేసింది. నేను మనసులో అల్‌హమ్దులిల్లా అనుకున్నాను.

మధ్యాహ్నానికి టీమంతా వచ్చింది. ఈగలు తోలుకుంటూ అందరూ యూకలిప్టస్ చెట్టు నీడలో చేరారు. సారు బార్బెక్యూ పళ్ళెంలో సగభాగం మీద అల్యూమినియం ఫాయిల్ పరిచి, మా సాసేజ్‌లకు వేరే పట్టకారు పెట్టి, దాని పిడికి ఎర్ర దారం కూడా కట్టారు. (నేను అడక్కుండానే. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.) అటు సగం వాళ్ళవి. ఇటు సగం మావి, వాటిలో కొన్ని తెలుపు, మిగిలినవి పచ్చకామెర్లు వచ్చినట్టు పసుపు. ఒక్కొక్కరూ పళ్ళెం పట్టుకుని వచ్చి, ఆ పసుపు వాటిని చూసి, మర్యాదగా పక్కకు జరిగిపోతున్నారు. నాకేమో అవి లోపల ఉడికాయా లేదా అని ఇంకో బెంగ. మన దగ్గర మాంసమంటే కుక్కర్లో నాలుగు విజిల్స్ వచ్చాకే నమ్ముతాం కదా. ఫోర్కు తీసుకుని ఒకదాన్ని పొడిచాను. రసం ఫాయిల్ అంచు దాటి కారి, నిప్పు భగ్గుమని లేచి, సారు కనుబొమ్మల దాకా వచ్చింది. ఓమా నా మణికట్టు మీద టప్పున కొట్టింది. మా ఆయన ముఖంలో కాంట్రాక్టు పేపర్లు కాలిపోతున్నట్టు కనిపించింది.

"ఏందే ఇది? ఆయన కనుబొమ్మలు కూడా మిగల్నియ్యవా?" అన్నారు పళ్ళ మధ్య నుంచి.

"మీరు నవ్వండి. చూస్తున్నాడు" అన్నాను.

సరిగ్గా అప్పుడే పాప తన పని తను కానిచ్చింది. నా చేతులకు నూనె, అందుకని మా ఆయన డైపర్ కోసం సంచి తీశారు. అందరి మధ్యా సంచిని బల్ల మీద పెట్టి, పైపైన వెతికి దొరక్క, ఒక్క ఊపున కిందికి కుమ్మరించారు. డైపర్లు, పౌడర్ డబ్బా, గిలక్కాయ, వాటన్నిటి వెనక దొర్లుకుంటూ గోధుమరంగు సీసా. అది బల్ల మీది నుంచి గడ్డిలో పడి, పగలకుండా, ఎవరో దారి చూపించినట్టు నేరుగా వెళ్ళి సారు బూటుకు తగిలి ఆగింది.

బీరు ముట్టం, బీరు తగిలిన గిన్నె కూడా ముట్టం అని చెప్పుకున్న ఇంటి పసిపిల్ల సంచిలో సీసా! మా ఆయన సీసాను చూశారు, నన్ను చూశారు, మళ్ళీ సీసాను చూశారు. ఆ ముగ్గురి జాబితాలోంచి మా పేరు జారి గడ్డిలో పడిపోవడం నేను కళ్ళారా చూశాను. సారు వంగి సీసా తీసి, "అమ్మా, ఇది పొద్దుట్నుంచి నువ్వు వెతుకుతున్నది కాదూ?" అని అడిగారు. తర్వాత నా వైపు తిరిగి, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా నాకు అర్థమయ్యేలా చెప్పారు. "మామూలుగా మేము బీరులో ఉడకబెడతాం. మీరు తాగరని మీ ఆయన చెబితే, అమ్మ మా చెట్టు యాపిల్స్ పిండి రసం తీసింది. పొద్దున ఐదింటికి లేచింది. పోయడానికి సీసా కావాలి కదా, కడిగి ఆరబెట్టిన పాత సీసా ఇదే దొరికింది."

కళ్ళలో నీళ్ళు అడక్కుండానే వచ్చాయి. "సారీ ఆంటీ. ఐ థాట్..." అని ఆగిపోయాను. ఆ తర్వాత మాట నోట్లోంచి ఎలా వస్తుంది? ఆవిడను దొంగ అనుకున్నానని చెప్పనా, సీసా నేనే దొంగిలించానని చెప్పనా?

ఓమా మెల్లగా ఏప్రన్ జేబులో చేయి పెట్టి, నా స్టీలు డబ్బా తీసి, సీసా పక్కన బల్ల మీద ఠకీమని పెట్టింది. కొడుకుతో ఏదో చెప్పింది. ఆయన అప్పటికే నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుని ఉన్నారు. "ఇది బట్టలకు వేసే రంగు అనుకుందట. మీరు మాంసంలో కూడా కలిపి మా టీమునంతా ఆసుపత్రి పాలు చేస్తారేమోనని దాచేసిందట!"

ముందు నవ్వింది ఎవరో గుర్తులేదు. చెట్టు కింద నవ్వులు ఆగాక ఓమా ఒక పసుపు సాసేజ్ తీసుకుని, బ్రెడ్‌లో పెట్టి, అందరూ చూస్తుండగా కొరికింది. నమిలింది. "గుట్" అంది. ఆ తర్వాత పసుపువి ఐదు నిమిషాల్లో అయిపోయాయి. పరీక్ష చెడగొట్టానన్న దిగులుతో నేను మాత్రం ఒక్కటీ తినలేకపోయాను.

సోమవారం సాయంత్రం మా ఆయన ఉత్తరం పట్టుకుని వచ్చారు. ఇంకో ఏడాది ఉండమని అందులో ఉంది. నేను చదివి, కవరు లోపల కూడా చూసి, "నిజంగానేనా? నా సీసా సంగతి చూశాక కూడానా?" అన్నాను. "పేర్లు గురువారమే వెళ్ళిపోయాయంట పైకి" అన్నారాయన. "ఉండేవాళ్ళనీ పోయేవాళ్ళనీ అందర్నీ ఒకసారి కూర్చోబెట్టి భోజనం పెడదామని పిలిచాడంట. అంతే. రిజల్ట్స్ వచ్చిన రెండు రోజులకు వెళ్ళి పరీక్ష రాసొచ్చిన దానివి నువ్వొక్కదానివే."

ఆ పాపకు ఇప్పుడు ఐదేళ్ళు. దాని తమ్ముడు ఉయ్యాలలో ఉన్నాడు, వాడు లేచేలోపు ఇది ముగించాలి. కూతురు నిన్న స్కూల్లో ఎవరో ఇచ్చిన చాక్లెట్ ఇంటికి తెచ్చి, కాగితం వెనక్కి తిప్పి, "మమ్, ఈజ్ దిస్ నంబర్ ఓకే?" అని అడిగింది. దాని మొహంలో నా పాత మొహం కనిపించి, నవ్వాలో దాన్ని దగ్గరకు తీసుకోవాలో తెలియలేదు. ఓమా పోయి రెండేళ్ళయింది. ఆ చెక్కపుల్ల మా వంటింటి సొరుగులోనే ఉంది. పోయేముందు కొడుకు చేత పంపించింది. దాన్ని చూసినప్పుడల్లా ఆ బార్బెక్యూ కంటే దాని తర్వాతి ఎండాకాలమే నాకు ఎక్కువ గుర్తొస్తుంది. మళ్ళీ పిలిచారు, మళ్ళీ వెళ్ళాం. వంటింట్లో అడుగుపెట్టగానే ఓమా ఏమీ మాట్లాడకుండా అదే గోధుమరంగు సీసా బల్ల మీద పెట్టింది. తీగ మూత తీసింది, గ్లాసులో పోసింది, నా కళ్ళలోకి చూస్తూ ముందు తనే ఒక గుక్క తాగింది. తర్వాత ఇంకో గ్లాసు నింపి నాకిచ్చింది. నేను వాసన చూడకుండా గటగటా తాగేశాను.

నిజం చెప్పాలంటే, కొంచెం చూశాను.